‘ఫలానా రాజు ఏలుబడిలో 20వ ఏడు’ అంటే ఏ సంవత్సరం? ఇంగ్లండు రాజుల వరుస, తేదీలు కట్టే పద్ధతి

ఎగ్మోర్‌పాఠకురాలు (చెన్నై):

నమస్కారమండీ. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలం నాటి మద్రాసు కాగితాలకు తెలుగులో ఒక కాలపట్టిక తయారుచేస్తున్నాం. అచ్చులో ఉన్న సంకలనాల్లో చాలాచోట్ల క్రీస్తుశకం వెయ్యకుండా రాజు పేరు, ఆయన ఏలుబడిలో ఎన్నో ఏడు అన్నది మాత్రమే ఇచ్చారు. పాఠ్యపుస్తకంలోని పట్టిక ముందు పెట్టుకుని లెక్క కడితే నాలుగు చోట్ల పొసగడం లేదు.

ఒకటి. బొంబాయిని కుంఫిణీకి ధారాదత్తం చేసిన పత్రం మీద రెండవ చార్లెస్ ఏలుబడి 20వ ఏడు, మార్చి 27 అని ఉంది. చార్లెస్ గద్దెనెక్కింది 1660 మే నెలలో కాబట్టి 1680 రావాలి. చరిత్ర పుస్తకాలన్నీ 1668 అంటున్నాయి.

రెండు. దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు స్థలం రాసిచ్చింది 1639 ఆగస్టులో. కుంఫిణీ ఉద్యోగులు కోగన్, ఫ్రాన్సిస్ డే మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి దిగింది ‘1639 ఫిబ్రవరి’ అని ఒకచోట కనిపించింది. స్థలం ఇవ్వకముందే వచ్చి కూర్చున్నారా?

మూడు. రెగ్యులేటింగ్ యాక్ట్‌కి ‘13 జియో. 3, సి. 63’ అన్న గుర్తు ఉంది. సంవత్సరం మాత్రం ఒకచోట 1772, ఇంకోచోట 1773.

నాలుగు. జాకోబియన్, కరోలైన్, రెస్టొరేషన్, రీజెన్సీ లాంటి పేర్లు వర్ణనల్లో వస్తుంటాయి. ఏ పేరు ఏ రాజుది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

వీలైతే 1066 నుంచి వరుస కూడా ఎవరైనా ఇస్తే మేలు. ఉత్త పట్టిక నెట్‌లో దొరుకుతుంది. ఎక్కడ కాలు జారుతుందో తెలియడమే కావాలి.

పాతకట్టలు (చెన్నై):

ముందు లెక్క కట్టే పద్ధతి చెబుతాను. ఏలుబడి మొదలైన సంవత్సరానికి పత్రం మీదున్న ఏలుబడి అంకె కలిపి, ఒకటి తీసెయ్యండి. ఆ ఏలుబడి ఏడు ఏ సంవత్సరంలో మొదలైందో వస్తుంది. తర్వాత పత్రం మీద నెల, తేదీ చూడండి. గద్దెనెక్కిన తేదీకి ముందుదైతే ఇంకో ఏడాది కలపాలి. అదే తేదీ అయినా, తర్వాతదైనా కలపక్కర్లేదు. ఒకటి ఎందుకు తీస్తామంటే గద్దెనెక్కిన రోజే మొదటి ఏడు మొదలవుతుంది, సున్నా ఏడంటూ ఉండదు. ద్రాక్షారామం శాసనాల్లో కులోత్తుంగుడి ‘విజయరాజ్య సంవత్సరాలు’ లెక్కపెట్టినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు.

మద్రాసు పత్రాల మీదే సరిచూసుకోండి. మద్రాసు కార్పొరేషన్ చార్టర్ రెండవ జేమ్స్ 3వ ఏడు, డిసెంబరు 30. జేమ్స్ వచ్చింది 1685 ఫిబ్రవరి 6. 1685కి 3 కలిపి ఒకటి తీస్తే 1687. డిసెంబరు ఫిబ్రవరి తర్వాతది కాబట్టి 1687 ఖాయం. మేయర్ కోర్టు చార్టర్ మొదటి జార్జ్ 13వ ఏడు, సెప్టెంబరు 24. ఆయన వచ్చింది 1714 ఆగస్టు 1, కాబట్టి 1726. మద్రాసు సుప్రీంకోర్టు పత్రం మూడవ జార్జ్ 41వ ఏడు, డిసెంబరు 26. ఆయన మొదలు 1760 అక్టోబరు 25, అంటే 1800.

మీ మొదటి చిక్కు దగ్గర పద్ధతి బాగానే ఉంది, మొదలుపెట్టిన తేదీ తప్పు. రెండవ చార్లెస్ లండన్‌కు తిరిగొచ్చింది 1660 మే 29నే. కానీ ఆయన ఏలుబడి ఏళ్లు లెక్కించేది తండ్రి తల తీసిన 1649 జనవరి 30 నుంచి. తండ్రి పోయిన క్షణానే కొడుకు రాజు, మధ్యలో పాలించినవాళ్లు అధికారం కాజేసినవాళ్లు అన్నది రాజపక్షం వాదన. గద్దె తిరిగి దక్కాక అదే అధికారిక లెక్క అయింది. అందుకే ఆయన చట్టాలు 1660లో ఏకంగా ‘12వ ఏడు’తో మొదలవుతాయి. ఒకటి నుంచి పదకొండు దాకా వెతికినా దొరకవు. మీ పత్రానికి 1649 + 20 − 1 = 1668, మార్చి 27 జనవరి 30 తర్వాతది, 1668 సరిపోయింది. ఏడాదికి పది పౌన్ల బంగారం అద్దెకు బొంబాయి చేతులు మారిన పత్రం అదే.

ఆ పదకొండేళ్ల ఖాళీ గుర్తుంచుకోండి. 1649 నుంచి 1653 దాకా కామన్వెల్త్, అంటే రాజు లేని రాజ్యం. 1653 డిసెంబరు 16 నుంచి ఆలివర్ క్రామ్‌వెల్ ప్రొటెక్టర్, 1658 సెప్టెంబరు 3న చనిపోయాడు. కొడుకు రిచర్డ్ 1659 మే నెల దాకా నెట్టుకొచ్చాడు. ఈ కాలపు కాగితాల్లో రాజు పేరు కనబడకపోతే పేజీ చిరిగిందనుకోవద్దు, అప్పుడు రాజే లేడు. 1657లో కుంఫిణీకి చార్టర్ ఇచ్చింది క్రామ్‌వెల్లే. ఆ రాజ్యం పోయాక కుంఫిణీ 1661లో రెండవ చార్లెస్ దగ్గర మళ్లీ కొత్తది రాయించుకోవాల్సి వచ్చింది.

రెండో చిక్కు రాజుది కాదు, ఉగాదిది. 1751 దాకా ఇంగ్లండులో అధికారికంగా సంవత్సరం మార్చి 25న మారేది. జనవరి 1 నుంచి మార్చి 24 వరకు ఉన్న రోజులన్నీ పాత సంవత్సరంలోనే పడేవి. 1639 డిసెంబరు తర్వాత వచ్చింది 1639 జనవరి, 1639 ఫిబ్రవరి. కాబట్టి కోగన్, డే దిగింది మన లెక్కలో 1640 ఫిబ్రవరి, నాయకుడు రాసిచ్చిన ఆరు నెలల తర్వాత. కొందరు గుమాస్తాలు ‘1639/40’ అని రెండూ వేసేవారు. అలా గీత గీసి రెండంకెలుంటే రెండోదే మనది.

దీనివల్ల స్టూవర్టుల (1603 నుంచి 1714 దాకా ఏలిన వంశం) దగ్గర చాలా జాగ్రత్త కావాలి. మొదటి జేమ్స్ మార్చి 24, రెండవ చార్లెస్ జనవరి 30, రెండవ జేమ్స్ ఫిబ్రవరి 6, విలియం మేరీలు ఫిబ్రవరి 13, ఆన్ మార్చి 8. మొదటి చార్లెస్ (1625 మార్చి 27) ఒక్కడు తప్ప అందరూ ఆ జనవరి 1, మార్చి 24 మధ్యలోనే గద్దెనెక్కారు. ఆనాటి కాగితాల్లో మొదటి చార్లెస్ మరణం 1648, రెండవ జేమ్స్ రాక 1684, విలియం మేరీలది 1688, ఆన్‌ది 1701. ఒకటో ఎలిజబెత్ సరిగ్గా పాత లెక్కలో 1602 చివరి రోజున పోయింది. తెల్లారితే 1603.

పారిస్‌కార్నర్ (చెన్నై):

మూడోదానికి నేను చెబుతాను. ‘13 జియో. 3, సి. 63’ అంటే మూడవ జార్జ్ 13వ ఏలుబడి ఏడులో నడిచిన పార్లమెంటు సమావేశంలో 63వ చట్టం. ‘సి.’ అంటే అధ్యాయం. ఒక సమావేశంలో చేసినవన్నీ కలిపి ఒకే చట్టంగా భావించి, విడి చట్టాలను అందులోని అధ్యాయాలుగా లెక్కించేవారు.

13వ ఏడు 1772 అక్టోబరు 25న మొదలై 1773 అక్టోబరు 24న ముగుస్తుంది. సమావేశం 1772 నవంబరులో మొదలైంది, బిల్లు పాసైంది 1773 వేసవిలో. మరి 1772 ఎక్కడిది? 1793కు ముందు ఏ చట్టానికైనా, అందులో వేరే తేదీ రాసి ఉంటే తప్ప, సమావేశం మొదలైన రోజు నుంచే అమలు అన్నది నియమం. ఏప్రిల్‌లో పాసైన చట్టం నవంబరులో చేసిన పనిని కూడా నేరం చేసెయ్యగలదన్నమాట. ఈ అన్యాయాన్ని 1793లో ఒక చట్టం తెచ్చి ఆపారు. అప్పటినుంచి రాజామోదం తేదీని ప్రతి చట్టం మీదా రాస్తున్నారు. బ్రిటన్ అధికారిక చట్టాల పట్టికలో 1793కు ముందు చట్టాలకు సమావేశం మొదలైన సంవత్సరమే ఉంటుంది, కాబట్టి అక్కడ ఇది 1772 చట్టం. మన దేశంలో పాసైన ఏడాది పట్టుకుని 1773 అంటాం. మీ పట్టికలో 1773 వేసి, పక్కన అధ్యాయం సంఖ్య తప్పకుండా ఉంచండి. సంవత్సరంలో తేడా ఉన్నా ఆ సంఖ్యతో ఎవరైనా పట్టుకోగలరు.

రెండు ఏళ్లు కలిపి రాసినవి చూసి కంగారుపడొద్దు. 1858లో కుంఫిణీ పాలన రద్దుచేసిన చట్టం ‘21 అండ్ 22 విక్ట్., సి. 106’. విక్టోరియా మొదలు 1837 జూన్ 20. సమావేశం 1857 డిసెంబరులో, అంటే 21వ ఏడులో మొదలైంది. 1858 జూన్ 20 దాటి ఆగస్టు దాకా సాగింది, అంటే 22వ ఏడులోకి వచ్చింది. సమావేశం రెండు ఏలుబడి ఏళ్ల మీద పరుచుకుంది కనుక రెండంకెలూ వేస్తారు. 1833 చార్టర్ యాక్ట్ ‘3 అండ్ 4 విల్. 4, సి. 85’, 1947 స్వాతంత్ర్య చట్టం ‘10 అండ్ 11 జియో. 6, సి. 30’ అన్నవీ ఇంతే. అలాంటప్పుడు పాతకట్టలు గారి పద్ధతిలో రెండంకెలకూ విడివిడిగా లెక్క కట్టి, రాజామోదం తేదీ ఎందులో పడుతుందో చూసుకోవాలి. గుర్తును మాత్రం సగానికి కొయ్యకండి. ‘22 విక్ట్.’ అని ఒక్కటే రాస్తే అది వేరే సమావేశమైపోతుంది.

ఒక రాజు పోయి మరొకరు వచ్చిన ఏడాదైతే రెండు పేర్లూ ఉంటాయి. ఈ పద్ధతి 1962 చివరిదాకా సాగింది. 1963 నుంచి అక్కడా మామూలు క్యాలెండరు సంవత్సరం, అధ్యాయం సంఖ్యే.

ఎగ్మోర్‌పాఠకురాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. 1746లో మద్రాసు కోట ఫ్రెంచివాళ్లకు లొంగిన తేదీ ఇంగ్లీషు పుస్తకంలో సెప్టెంబరు 10, పుదుచ్చేరి వైపు రాసినదాంట్లో సెప్టెంబరు 21. సెప్టెంబరు మార్చి తర్వాతే కదా, మార్చి 25 గొడవ ఇక్కడ వర్తించదు. ఎవరిది తప్పు?

పాతకట్టలు:

ఇద్దరిదీ ఒప్పే, రెండూ ఒకే రోజు. ఫ్రెంచివాళ్లు 1582 నుంచే గ్రెగరీ పంచాంగంలో (ఇప్పుడు మనం వాడేది) ఉన్నారు. ఇంగ్లీషువాళ్లు 1752 దాకా అంతకుముందున్న జూలియన్ పంచాంగాన్నే పట్టుకుని వేలాడారు. తేడా 17వ శతాబ్దంలో 10 రోజులు. 1700లో జూలియన్ లెక్కకు ఫిబ్రవరి 29 ఉంది, గ్రెగరీకి లేదు కాబట్టి ఆ తర్వాత 11. మద్రాసు రెండవ జార్జ్ పంచాంగంలో, పుదుచ్చేరి పదిహేనో లూయీ పంచాంగంలో నడిచాయి. శాంతోమ్ పోర్చుగీసువాళ్లు, పులికాట్ డచ్చివాళ్లు కూడా గ్రెగరీ వైపే. తరంగంబాడి డేన్‌లు 1700లో మారారు. కోరమండల్ తీరంలో ఒక ఓడ రాక గురించి రెండు కోటల చిట్టాలు పోల్చేటప్పుడు, ఓడ బయల్దేరకముందే చేరినట్టు కనిపిస్తే కారణం ఇదే.

ఇంగ్లండు మారింది 1752లో. ఆ ఏడు సెప్టెంబరు 2 బుధవారం తర్వాతి రోజు సెప్టెంబరు 14 గురువారం. సంవత్సరాది జనవరి 1కి జరిగింది కూడా అదే చట్టంతో, 1752 నుంచి. దానివల్ల 1751వ సంవత్సరం మార్చి 25న మొదలై డిసెంబరు 31కే అయిపోయింది. ఇంగ్లీషు రికార్డుల్లో అధికారికంగా ‘1751 ఫిబ్రవరి’ అనే నెలే లేదు. ఎక్కడైనా కనబడితే ఎవరో ఆధునిక లెక్కలోకి మార్చారని, లేదా అది ఇంగ్లీషువాళ్ల కాగితం కాదని అర్థం. చట్టం ఇంగ్లండుకే కాదు, ఆసియాలోని వాళ్ల స్థావరాలకూ వర్తించింది. రెండవ జార్జ్ ఏలుబడి ఏడు కూడా అంతదాకా జూన్ 11న మారేది, ఆ తర్వాత జూన్ 22కి వెళ్లింది. పదకొండు రోజులు పోయినా ఏడాది నిండా ఉండాలి కదా.

కబ్బన్‌పార్కుపక్కన (బెంగళూరు):

నాలుగో ప్రశ్న మిగిలిపోయింది. యుగాల పేర్లలో కొన్ని వంశానివి, కొన్ని రాజువి, కొన్ని సంఘటనవి. మూడింటినీ ఒకే వరుసలో పేరిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

ట్యూడర్ అంటే వంశం, 1485 నుంచి 1603. అందులో చివరి ముక్క ఎలిజబెతన్, 1558 నుంచి 1603. స్టూవర్టు వంశం 1603 నుంచి 1714 దాకా, నడుమ ఆ పదకొండేళ్లు తీసేసి. అందులో జాకోబియన్ మొదటి జేమ్స్‌ది ఒక్కటే, 1603 నుంచి 1625. రెండవ జేమ్స్ కూడా జేమ్సే కదా అని 1685-88కి ఆ పేరు అంటించకండి, అలా ఎవరూ వాడరు. జాకోబైట్ అన్న మాట మాత్రం రెండవ జేమ్స్ పక్షంవాళ్లకే చెల్లుతుంది. కరోలైన్ అంటే మొదటి చార్లెస్, 1625 నుంచి 1649. మద్రాసు పుట్టింది ఇందులో. రెస్టొరేషన్ 1660లో మొదలవుతుంది, దానికి ముగింపు మీద ఏకాభిప్రాయం లేదు. రాజకీయ చరిత్రలో 1685 లేదా 1688, నాటకాల చరిత్రలో ఇంకా ముందుకు లాగుతారు. పట్టికలో ‘1660 నుంచి’ అని వదిలెయ్యడమే నయం.

జార్జియన్ 1714 నుంచి 1830 దాకా, నలుగురు జార్జులు వరుసగా. నాలుగవ విలియం ఏడేళ్లను (1830-37) కొందరు అందులోనే కలిపేస్తారు. రీజెన్సీ గట్టిగా చెప్పాలంటే 1811 ఫిబ్రవరి 5 నుంచి 1820 జనవరి 29 వరకే. మూడవ జార్జ్‌కు మతి చలించడంతో పెద్దకొడుకు తండ్రి తరఫున పాలించిన కాలమది. ఫర్నిచర్, కట్టడాల వాళ్లు దీన్ని 1795 నుంచి 1837 దాకా సాగదీస్తారు. మీకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, రీజెన్సీలో రాజు మారలేదు, ఏలుబడి ఏళ్లు మూడవ జార్జ్ పేరునే 60వ ఏడు దాకా సాగాయి. 1813 చార్టర్ యాక్ట్ ‘53 జియో. 3’ అయింది అందుకే. 1813 నాటి పత్రం చూసి ‘నాలుగవ జార్జ్’ అని రాస్తే తప్పు, ఆయన రాజైంది 1820లో. మా ఊరి దండు (కంటోన్మెంట్) 1809లో ఏర్పడింది, అంటే మూడవ జార్జే, రీజెన్సీ ఇంకా రాలేదు. 1791 మార్చిలో బెంగళూరు కోటను కారన్‌వాలిస్ పట్టుకున్నదీ ఆయన కాలంలోనే, 31వ ఏడు.

విక్టోరియన్ 1837 నుంచి 1901, ఎడ్వర్డియన్ 1901 నుంచి 1910. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేదాకా అని 1914కు సాగదీసేవాళ్లూ ఉన్నారు.

కట్టడాల దగ్గర పేరు చూసి కాలం చెప్పకండి. బెంగళూరు ప్యాలెస్‌ను ట్యూడర్ శైలి అంటారు, కట్టింది మాత్రం విక్టోరియా కాలంలో. ‘క్వీన్ ఆన్ శైలి’ ఇళ్లు చాలావరకు 1870ల తర్వాతివి, ఆన్ పోయి నూటయాభై ఏళ్లు దాటాక. కబ్బన్ పార్కులో విక్టోరియా విగ్రహం 1906లో ఆవిష్కరించారు, అప్పటికి ఏలేది ఆమె కొడుకు ఏడవ ఎడ్వర్డ్. అదే పార్కులో ఎడ్వర్డ్ విగ్రహం వచ్చేసరికి 1919, అప్పుడు ఐదవ జార్జ్. విగ్రహం ఎవరిదో వాళ్ల ఏలుబడి అప్పటికే అయిపోయిందనుకుంటే చాలాసార్లు సరిపోతుంది. మీ రిపన్ బిల్డింగ్ ఇంకో రకం: 1909లో శంకుస్థాపన ఏడవ ఎడ్వర్డ్ ఏలుబడిలో, 1913లో ప్రారంభం ఐదవ జార్జ్ ఏలుబడిలో. రెండు తేదీలూ రాయాలి.

పాతకట్టలు:

1066 నుంచి వరుస అడిగారు. మద్రాసు కాగితాలకు 1600 తర్వాతే పని, ముందుదంతా గబగబా.

నార్మన్లు: ఒకటో విలియం (1066-87), రెండో విలియం (1087-1100), ఒకటో హెన్రీ (1100-35), స్టీఫెన్ (1135-54). స్టీఫెన్ కాలంలో హెన్రీ కూతురు మటిల్డా హక్కు కోసం పోరాడింది, కిరీటం పెట్టుకోలేదు కాబట్టి పట్టికలో రాదు.

ప్లాంటాజెనెట్లు: రెండో హెన్రీ (1154-89), ఒకటో రిచర్డ్ (1189-99), జాన్ (1199-1216), మూడో హెన్రీ (1216-72), ఒకటో ఎడ్వర్డ్ (1272-1307), రెండో ఎడ్వర్డ్ (1307-27), మూడో ఎడ్వర్డ్ (1327-77), రెండో రిచర్డ్ (1377-99). 1066కు ముందు కూడా ఎడ్వర్డ్‌లు ముగ్గురున్నారు, కానీ వాళ్లకు వరుస సంఖ్య వెయ్యలేదు.

లాంకాస్టర్, యార్క్: నాలుగో హెన్రీ (1399-1413), ఐదో హెన్రీ (1413-22), ఆరో హెన్రీ (1422-61, మళ్లీ 1470-71), నాలుగో ఎడ్వర్డ్ (1461-70, 1471-83), ఐదో ఎడ్వర్డ్ (1483లో రెండున్నర నెలలు), మూడో రిచర్డ్ (1483-85).

ట్యూడర్లు: ఏడో హెన్రీ (1485-1509), ఎనిమిదో హెన్రీ (1509-47), ఆరో ఎడ్వర్డ్ (1547-53), మేరీ (1553-58), ఎలిజబెత్ (1558-1603). 1553 జూలైలో లేడీ జేన్ గ్రేను తొమ్మిది రోజులు రాణి అన్నారు. పట్టికల్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మేరీ 1554లో స్పెయిన్ ఫిలిప్‌ను పెళ్లాడాక పత్రాల్లో ఇద్దరి పేర్లూ, ఇద్దరికీ వేర్వేరు ఏళ్లూ వస్తాయి.

స్టూవర్టుల తేదీలు పైన వచ్చేశాయి. మేరీ 1694 డిసెంబరు 28న పోయాక పత్రాల్లో విలియం ఒక్కడే ఉంటాడు, లెక్క మాత్రం 1689 నుంచే. 1688 డిసెంబరు 11న జేమ్స్ పారిపోయాక 1689 ఫిబ్రవరి 13 దాకా గద్దె ఖాళీ.

హనోవర్ నుంచి ఇటు: ఒకటో జార్జ్ 1714 ఆగస్టు 1, రెండో జార్జ్ 1727 జూన్ 11, మూడో జార్జ్ 1760 అక్టోబరు 25, నాలుగో జార్జ్ 1820 జనవరి 29, నాలుగో విలియం 1830 జూన్ 26, విక్టోరియా 1837 జూన్ 20, ఏడో ఎడ్వర్డ్ 1901 జనవరి 22, ఐదో జార్జ్ 1910 మే 6, ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 జనవరి 20, ఆరో జార్జ్ 1936 డిసెంబరు 11. ఎనిమిదో ఎడ్వర్డ్ పట్టాభిషేకం కాకుండానే దిగిపోయాడు, అయినా రాజుగా లెక్కే. ఆరో జార్జ్ 1947 ఆగస్టు 15 తర్వాత కూడా 1950 జనవరి 26 దాకా మనకు రాజే, ఆ రెండున్నరేళ్లు చాలామంది పట్టికల్లో వదిలేస్తారు.

పాత కాలానికి ఒక హెచ్చరిక. ఒకటో ఎడ్వర్డ్‌కు ముందు పట్టాభిషేకం రోజు నుంచే ఏలుబడి లెక్కించేవారు. ఒకటో ఎడ్వర్డ్ తండ్రి పోయేసరికి క్రూసేడ్‌లో ఉన్నాడు, పట్టాభిషేకం 1274 ఆగస్టులో గానీ కాలేదు. అంతదాకా దేశానికి రాజు లేడనడం కుదరదు కనుక 1272 నవంబరు 20 నుంచే లెక్కించారు. జాన్‌ది అన్నిటికన్నా తలనొప్పి. ఆయనకు 1199లో క్రీస్తు ఆరోహణ పండుగ రోజున పట్టాభిషేకమైంది, ఏలుబడి ఏళ్లు ఆ పండుగ నుంచి పండుగకు లెక్కిస్తారు. పండుగ ఈస్టర్‌తో పాటు కదులుతుంది కాబట్టి ఒక ఏడు పొట్టి, ఒక ఏడు పొడుగు. కొన్ని మే తేదీలు ఒకే ఏడులో రెండుసార్లు వస్తాయి. జాన్‌కు కూడిక పనికిరాదు, అచ్చు పట్టిక చూడాల్సిందే.

ఏడో హెన్రీ చేసిన పని కూడా చెప్పాలి. మూడో రిచర్డ్‌ను ఓడించి ఆయన గద్దె గెలిచిన బాస్‌వర్త్ యుద్ధం 1485 ఆగస్టు 22న. ఆయన పార్లమెంటులో తాను 21 నుంచే రాజునని రాయించాడు. ముందురోజు నుంచే తాను రాజైతే యుద్ధంలో రిచర్డ్ పక్షాన నిలిచినవాళ్లంతా రాజద్రోహులు, వాళ్ల ఆస్తులు జప్తు. ఏలుబడి లెక్కకు మాత్రం పట్టికలు 22నే పట్టుకుంటాయి.

వెండిబిళ్ల (చెన్నై):

నాణేల బొమ్మ పక్కన పెట్టి తేదీ తేల్చేవాళ్లకోసం రెండు మాటలు. 1835కు ముందు మద్రాసు కుంఫిణీ రూపాయల మీద ఇంగ్లండు రాజు కోసం వెతకొద్దు. మద్రాసులో కొట్టిన ఆర్కాటు రూపాయి మీద ఉన్నది మొగలు పాదుషా ఆలంగీర్ పేరు. 1835లో నాలుగో విలియం బొమ్మతో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది, 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు.

విక్టోరియా రూపాయి మీద ‘1840’ అని ఉంటే అది 1840లో కొట్టిందని కాదు. ఆ అంకెతోనే 1862 దాకా కొట్టారు. ‘1862’ అంకె కూడా అలాగే 1874 వరకు సాగింది. విక్టోరియా పేరు పక్కన ‘క్వీన్’ ఉంటే 1876 దాకా, ‘ఎంప్రెస్’ ఉంటే 1877 నుంచి. ఐదో జార్జ్ 1911 రూపాయి మీద రాజు వేసుకున్న దండలోని ఏనుగు పందిలా కనబడుతోందని గొడవై 1912లో బొమ్మ దిద్దారు, ఆ రెండేళ్ల మధ్య తేడా కంటికే తెలుస్తుంది. ఎనిమిదో ఎడ్వర్డ్ పేరున బ్రిటిష్ ఇండియా రూపాయి లేదు (కచ్ లాంటి కొన్ని సంస్థానాల నాణేల మీద మాత్రం ఆయన పేరుంది). అలాంటి రూపాయి ఎవరైనా అమ్మజూపితే డబ్బివ్వకండి.

ఎగ్మోర్‌పాఠకురాలు:

అన్నీ తేలాయి. చివరిగా, పట్టికలో తేదీని ఆధునిక లెక్కలోకి మార్చి వెయ్యాలా, ఉన్నదున్నట్టు వెయ్యాలా?

పాతకట్టలు:

రెండూ వెయ్యండి, వేరువేరు గళ్లలో. మొదటి గడిలో పత్రం మీద ఎలా ఉందో అక్షరం మార్చకుండా: ‘రెండవ చార్లెస్ 20వ ఏడు, మార్చి 27’. రెండో గడిలో జనవరి 1తో మొదలయ్యే లెక్కలో సంవత్సరం: 1668. రోజును మాత్రం జూలియన్‌లోనే ఉంచండి. పది పదకొండు రోజులు జరపడం మొదలుపెడితే ఇంగ్లీషు పుస్తకాలతో పోల్చేవాళ్లకు ఏదీ దొరకదు. ఫ్రెంచి, డచ్చి కాగితాలతో పోల్చాల్సిన వరుసలకు మాత్రం మూడో గడి పెట్టి గ్రెగరీ తేదీ ఇవ్వండి. 1752 సెప్టెంబరు 14 తర్వాత ఆ గడి ఖాళీగా వదిలెయ్యవచ్చు.

పారిస్‌కార్నర్:

చట్టాలకు నాలుగో గడి కూడా పెట్టండి, రాజామోదం తేదీకి. 1793కు ముందువాటికి చట్టం ప్రతి మీద అది ఉండదు, ప్రభువుల సభ జర్నల్‌లో ఆ రోజు నమోదు చూసి వేసుకోవాలి.